పేపర్లో చుట్టని గ్లాసు

మంత్రి లేడు.

కోటు కుర్చీకి తగిలించినట్టే ఉంది. కోటు జేబులో పర్సు ఉంది. కుర్చీ పక్కన నల్ల బ్రీఫ్‌కేస్ వేసిన తాళం వేసినట్టే ఉంది. మనిషి లేడు.

1985 అక్టోబర్. శనివారం. మధ్యాహ్నం రెండున్నర. న్యూజెర్సీలో ఎడిసన్. డాక్టర్ శ్యామ్‌సుందర్ ఇల్లు.

మేడ మీద చూశారు. బేస్‌మెంట్‌లో చూశారు. పెరట్లో నిలబడి పిలిచారు. జవాబు లేదు.

"అలా నడిచొద్దామని వెళ్ళుంటారండీ," అన్నాడు జగన్మోహన్. అతను తెలుగు సంఘం సెక్రటరీ.

"కోటు లేకుండానా? ఈ చలిలోనా?" అంది డాక్టర్ భార్య వసుమతి.

సెయింట్ ఆబిన్ ప్రధానమంత్రి క్లెమెంట్ బాప్టిస్ట్ కుర్చీలోంచి లేచాడు. నల్లటి, ఎత్తయిన మనిషి. జుట్టు తెల్లగా నెరిసింది.

"ఇక్కడ పోలీసువాళ్ళు ఎవరైనా ఉన్నారా?" అని ఇంగ్లీషులో అడిగాడు.

అందరూ భీమశంకర్ వైపు చూశారు.

భీమశంకర్ ఒకప్పుడు ఒంగోలులో సబ్ ఇన్‌స్పెక్టర్. ఇప్పుడు లైసెన్స్ ఉన్న ప్రైవేట్ డిటెక్టివ్. ఇన్సూరెన్స్ కంపెనీల తరఫున దొంగ యాక్సిడెంట్లు పట్టుకుంటాడు. ఆ రోజు మాత్రం భోజనానికి పిలిస్తే వచ్చాడు. పులిహోర రెండుసార్లు వేయించుకున్నాడు.

ప్రధాని అతన్ని పక్క గదిలోకి తీసుకెళ్ళి తలుపు వేశాడు.

"మాది కరీబియన్‌లో చిన్న దీవి. ఎలక్షన్లో ఎవరికీ మెజారిటీ రాలేదు. మూడు పార్టీలు కలిసి క్యాబినెట్ కట్టాం. నాదొకటి. మా ఉప ప్రధాని గ్రాంట్‌ది ఒకటి. మూడోది వీరసామిది. చెరకు కూలీల పార్టీ. అందులో గెలిచింది అతనొక్కడే. ఆ ఒక్కడి మీదే మేమంతా నిలబడి ఉన్నాం."

"ఇప్పుడేమైంది?"

"సోమవారం మా మీద అవిశ్వాస తీర్మానం. ఈ సాయంత్రం కెన్నెడీ ఎయిర్‌పోర్ట్‌లో మా ఫ్లైట్. వీరసామి ఆ ఫ్లైట్ ఎక్కకపోతే సోమవారానికి మా ప్రభుత్వం ఉండదు."

"పోలీసులకి ఫోన్ చేద్దామా?"

"చేస్తే పొద్దు గూకేసరికి మా రేడియోలో వస్తుంది. మంత్రి పారిపోయాడని. ఇక అయిపోయినట్టే."

"ఎవరి మీదైనా అనుమానం ఉందా?"

ప్రధాని తల తిప్పాడు. మూసిన తలుపు వైపు చూశాడు. తలుపు అవతల గ్రాంట్ ఉన్నాడు.

ఆ ముగ్గురూ ఐక్యరాజ్యసమితి సమావేశాలకి న్యూయార్క్ వచ్చారు. భూముల మంత్రి జోసెఫ్ వీరసామి ముత్తాత తెలుగువాడని సంఘానికి తెలిసింది. మనవాడొకడు ఎక్కడో దీవిలో మంత్రి అయ్యాడు! సన్మానం చేసి తీరాలన్నారు. డాక్టర్‌కి ఇంకో పని కూడా ఉంది. ఆ దీవిలో ఒక మెడికల్ కాలేజీ పెట్టాలని ఆయన ఆశ. భూమి ఇవ్వాల్సింది వీరసామి.

భీమశంకర్ ముందుగా ఉప ప్రధానిని పిలిచాడు.

ఎల్రాయ్ గ్రాంట్ లావుపాటి మనిషి. వచ్చి కూర్చుంటే సోఫా మూలిగింది.

"భోజనం మధ్యలో లేచి వెళ్ళారు. ఎక్కడికి?"

"ఫోన్‌కి."

"ఎవరికి చేశారు?"

"బ్రూక్లిన్‌లో మా చెల్లెలికి."

"చాలాసేపు మాట్లాడారు."

"నేను మాట్లాడలేదు, మ్యాన్. విన్నాను. నువ్వు మా చెల్లెల్ని ఎరగవు."

"వీరసామి శాఖ మీకు కావాలని అడిగారట."

"అడిగాను. రోజూ అడుగుతాను. ఇవ్వనని అతనూ రోజూ చెప్తాడు. సాయంత్రం ఇద్దరం కలిసి డామినోలు ఆడతాం. మా కూటమి అంటే ఇంతే."

"ఫోన్ ఎక్కడుంది?"

"హాల్లో. బాత్రూం తలుపు పక్కన."

"వీరసామి బాత్రూంకి వచ్చినప్పుడు మీతో ఏమైనా అన్నాడా?"

గ్రాంట్ కనుబొమలు ముడిపడ్డాయి.

"ఎవరూ రాలేదే! నేను ఆ తలుపుకే ఆనుకుని నిలబడ్డాను. నేను తప్పుకుంటే తప్ప ఎవరూ లోపలికి వెళ్ళలేరు. నా సైజు చూశావుగా?"

భీమశంకర్ చూశాడు. నమ్మాడు.

మరి వీరసామి కింద బాత్రూంకి వెళ్ళాడని టేబుల్ దగ్గర చెప్పింది ఎవరు?

డాక్టర్ శ్యామ్‌సుందర్.

భీమశంకర్ వీధి వరండాలోకి వచ్చాడు. వచ్చినవాళ్ళంతా అక్కడే బూట్లు విప్పి లోపలికి వెళ్ళారు. ప్రధాని బూట్లు ఉన్నాయి. గ్రాంట్‌వి ఉన్నాయి. వీరసామి గోధుమరంగు బూట్లు లేవు. వాటికి పొడుగు లేసులు. వచ్చినప్పుడు వాటిని విప్పడానికి ఆయన మెట్టు మీద కూర్చోవాల్సి వచ్చింది.

ఎత్తుకుపోయేవాడు లేసులు కట్టుకోనివ్వడు. అంటే మనిషి తనంతట తనే వెళ్ళాడు.

కానీ వీధి తలుపుకి రావాలంటే భోజనాల గది దాటాలి. దాటితే అందరికీ కనబడేవాడు. కనబడలేదు. అంటే ఇంకో దారిన బయటపడి, ఇంటి చుట్టూ మేజోళ్ళతో నడిచి వచ్చి, ఇక్కడ బూట్లు తొడుక్కున్నాడు. కోటు కోసం గదిలోకి మాత్రం రాలేదు.

ఎందుకు రాలేదు?

జగన్మోహన్ సిగరెట్ కాల్చుకోడానికి వరండాలోకి వచ్చాడు.

"ఏం జగన్మోహన్, ఆయన పక్కన కూర్చున్నది నువ్వే కదా. ఏం మాట్లాడావు?"

"ఏముందండీ, మామూలే. ఏ ఊరు, ఇంటిపేరేంటి, మీ పెద్దలు ఏం చేసేవారు... మనవాళ్ళు కలిస్తే అడగరా?"

"ఎందుకు అడిగావు?"

"ఎందుకేంటండీ, ఊరికే. మీరూ అక్కడే ఉన్నారుగా. విన్లేదా?"

విన్నాడు.

ఊరి పేరు వీరసామికి తెలియదు. ఇంటిపేరు తెలియదు. తెలుగు నాలుగు మాటలు కూడా రాదు. పెద్దల పని ఏమిటో మాత్రం తెలుసు. అది చెప్పేటప్పుడు మొహం వెలిగింది. "డప్పు! మాది డప్పు కొట్టే ఇల్లు. మా దీవిలో అమ్మవారి పండగ మా డప్పు మోగితేనే మొదలవుతుంది. మేం వచ్చేదాకా పూజారి కూడా ఆగాలి!" అన్నాడు. టేబుల్ మీద వేళ్ళతో దరువు వేసి చూపించాడు. ప్రధానీ గ్రాంటూ చప్పట్లు కొట్టారు.

తెలుగువాళ్ళు నవ్వారు. ఆ నవ్వులు కాస్త ఎక్కువసేపు అలాగే ఉండిపోయాయి. తర్వాత మాట ఎడిసన్‌లో ఇళ్ళ ధరల మీదకి వెళ్ళింది.

భీమశంకర్ వంటింట్లోకి వెళ్ళాడు. వసుమతి కంగారుగా చేతులు తుడుచుకుంటోంది.

"మీరు ఆ టైములో ఎక్కడున్నారమ్మా?"

"వడ్డిస్తున్నానండీ. పాయసం అయ్యేదాకా టేబుల్ దగ్గర్నుంచి కదిలితే ఒట్టు. ఇక్కడ మా అత్తయ్యగారే ఉన్నారు."

డాక్టర్ తల్లి సీతమ్మ కిటికీ పక్క స్టూల్ మీద కూర్చుని ఉంది. ఇండియా నుంచి వచ్చి రెండు నెలలైంది. ఆమె వెనక గట్టు మీద కడిగిన ప్లాస్టిక్ డబ్బాలు ఒకదాని మీద ఒకటి గోపురంలా పేర్చి ఉన్నాయి.

"ఇవేంటి సీతమ్మగారూ?"

"పెరుగు డబ్బాలు నాయనా. ఇంత గట్టి డబ్బాలు ఎవరన్నా పారేస్తారా? మూతలు కూడా ఉన్నాయి. ఊరికి పట్టుకెళ్తాను. కోడలు తిడుతుందిలే."

"తిట్టనా మరి? సూట్‌కేసు నిండా అవే," అంది వసుమతి.

"వీరసామిగారు ఇటు వచ్చారా అమ్మా?"

సీతమ్మ చేతులు ఒళ్ళో పెట్టుకుంది.

"వచ్చాడు. తిన్న ప్లేటూ గ్లాసూ పట్టుకుని వచ్చాడు. కడుగుతానని సైగ చేశాడు. మంత్రి అయ్యుండి!"

"తర్వాత?"

"తర్వాత నేను పొయ్యి వైపు తిరిగాను. చూళ్ళేదు."

ఆమె అతని మొహం చూడకుండా చెప్పింది.

భీమశంకర్ డాక్టర్‌ని హాల్లో పట్టుకున్నాడు.

"డాక్టర్‌గారూ, భోజనాల మధ్యలో మీరు గరాజ్‌లోకి వెళ్ళారు కదా?"

"పెప్సీకి వెళ్ళాను."

"తెచ్చినట్టు లేదే."

"అయిపోయాయి."

"బాత్రూంకని వీరసామిగారు మీతో చెప్పి వెళ్ళారా?"

"ఆఁ. చెప్పే వెళ్ళారు. శంకర్‌గారూ, మీరు నన్ను అడుగుతారేంటండీ? ఆ గ్రాంట్‌ని గట్టిగా అడగండి. వాళ్ళ పాలిటిక్స్ మీకు తెలీవు."

వంటింట్లోంచి రెండు మెట్లు దిగితే గరాజ్. భీమశంకర్ దిగి లైటు వేశాడు. పక్కగా బయటికి ఒక చిన్న తలుపు ఉంది. గడియ తీసి ఉంది. గోడ పక్కన పెప్సీ కేసులు నడుం ఎత్తున ఉన్నాయి.

మూల చెత్తడబ్బా ఉంది. మూత తీశాడు.

పైనే గాజు గ్లాసు. నిటారుగా నిలబెట్టి ఉంది. కింద న్యూస్‌పేపర్ పొట్లం. విప్పాడు. నీలం పూల అంచు పింగాణీ ప్లేటు. అంచుకి పులిహోర మెతుకులు అంటుకుని ఉన్నాయి.

గ్లాసు పగల్లేదు. ప్లేటుకి చిన్న బీట కూడా లేదు.

భీమశంకర్ ప్లేటు తిప్పి చూశాడు. ఇంక ఎవరినీ ఏమీ అడగక్కర్లేదు. ఆ ప్లేటు ఎందుకు అక్కడుందో ఒంగోలు దగ్గర పుట్టినవాడికి ఒకరు చెప్పక్కర్లేదు.

మూత మళ్ళీ వేసేద్దామా అనిపించింది. ప్రధానితో ఏదో ఒకటి చెప్పొచ్చు. మంత్రిగారికి తల తిరిగి బయటికి వెళ్ళారని చెప్పొచ్చు.

వేయలేదు. రెండూ చేత్తో పట్టుకుని మెట్లెక్కాడు.

అందరినీ భోజనాల బల్ల చుట్టూ కూర్చోబెట్టాడు. ప్లేటూ గ్లాసూ బల్ల మధ్య పెట్టాడు.

"ఇవి వీరసామిగారు తిన్నవి. చెత్తడబ్బాలో దొరికాయి."

ప్రధాని ప్లేటు వైపు చూశాడు. "పగిలిందా?"

"లేదు సార్."

"మరి ఎందుకు పారేశారు?"

జగన్మోహన్ టేబుల్‌క్లాత్ అంచు సరిచేశాడు.

ఒంగోలులో భీమశంకర్ ఎన్నో శవాల పక్కన నిలబడి పంచనామా చదివాడు. ఎప్పుడూ మాటలు వెతుక్కోలేదు. ఇప్పుడు వెతుక్కున్నాడు.

"మా దేశంలో, సార్, డప్పు కొట్టేవాళ్ళని ఊరి బయట ఉంచేవారు. వాళ్ళని ముట్టుకునేవారు కాదు. వాళ్ళు తాగిన గ్లాసులో ఇంకొకరు తాగరు. వీరసామిగారికి ఇది తెలీదు. గొప్ప అనుకుని చెప్పారు. మాకందరికీ అర్థమైంది."



డాక్టర్ గబగబా అందుకున్నాడు. "ప్రైమ్ మినిస్టర్, ఐ యామ్ సో సారీ. మా అమ్మ పాతకాలం మనిషి. పల్లెటూరు. చదువు లేదు. ఆమె..."

ఇంగ్లీషు రాకపోయినా సీతమ్మకి ఆ మాట తన గురించేనని తెలిసింది. కొడుకు మొహం చూసింది. లేచి నిలబడింది.

"అవునయ్యా. నేనే పారేశాను."

"కాదమ్మా," అన్నాడు భీమశంకర్. "మీరు పెరుగు డబ్బా పారేయలేరు. పింగాణీ ప్లేటు పారేస్తారా?"

భీమశంకర్ డాక్టర్ వైపు తిరిగాడు.

"వసుమతిగారు టేబుల్ వదల్లేదు. ఆవిడ వడ్డించింది మనమందరం తిన్నాం. గరాజ్‌లోకి వెళ్ళింది ఒక్కరే. పెప్సీకని వెళ్ళి ఖాళీ చేతులతో వచ్చారు. అయిపోయాయన్నారు. కేసులు కేసులు అక్కడే ఉన్నాయి."

డాక్టర్ కళ్ళజోడు తీశాడు.

"ఇంకొకటి. ప్లేటు పేపర్లో చుట్టి ఉంది. గ్లాసు చుట్టి లేదు. పైన, కనబడేట్టు, నిలబెట్టి ఉంది. రెండూ ఒకే చెయ్యి పెట్టినవి కావు. ప్లేటు పెట్టినవాడు దాచుకున్నాడు. గ్లాసు పెట్టినవాడికి దాచుకోవాల్సిన పని లేదు. డాక్టర్‌గారూ, మీరు ఆయన చేతిలో ప్లేటు లాక్కుని గరాజ్‌లోకి దిగారు. గ్లాసు పట్టుకుని ఆయన వెనకే వచ్చాడు. అవునా?"

డాక్టర్ తల ఊపాడు.

"ఏమన్నాడు?"

"'ఇది మర్చిపోయారు డాక్టర్' అన్నారు. గ్లాసు పెట్టి పక్క తలుపులోంచి వెళ్ళిపోయారు." అతను తన చేతులు చూసుకున్నాడు. "నేను కావాలని చేయలేదు శంకర్‌గారూ. హాస్పిటల్లో రోజూ అందరి రక్తం ముట్టుకుంటాను. ఎవరినీ ఏమీ అడగను. ఇంట్లో ఆ ప్లేటు చేతిలోకి వచ్చేసరికి... చేతులు వాటంతట అవే..."

"నన్నడిగితే నేను..." అంది వసుమతి. తర్వాత ఏమనబోయిందో ఎవరికీ తెలియదు. లేచి లోపలికి వెళ్ళిపోయింది.

సీతమ్మ నెమ్మదిగా కూర్చుంది. "నేనైతే పారేసేదాన్ని కాదు నాయనా," అంది తెలుగులో. "విడిగా కడిగి విడిగా పెట్టేదాన్ని. ఈసారి వస్తే మళ్ళీ దాంట్లోనే పెట్టేదాన్ని."

ఆమె ఏమందని ప్రధాని అడిగాడు. భీమశంకర్ చెప్పలేదు.

గ్రాంట్ డాక్టర్ వైపు తిరిగాడు. "ఇంతసేపూ ఈ ఇంట్లో నేను దొంగని. నీకు తెలుసు. చూస్తూ కూర్చున్నావు."

ప్రధాని కోపంగా లేడు. అలిసిపోయినట్టున్నాడు.

"డాక్టర్, భోజనానికి ముందు మీరొక సంగతి చెప్పారు. మీరు ఈ దేశం వచ్చిన కొత్తలో అద్దె ఇంటికి వెళ్తే, మీ రంగు చూసి ఒక ముసలావిడ తలుపు వేసేసిందని. నేను చాలా బాధపడ్డాను."

అంతే అన్నాడు. వీరసామి బ్రీఫ్‌కేస్ తీసుకున్నాడు. కోటు భీమశంకర్ తీసుకున్నాడు.

"సార్, ఆ మెడికల్ కాలేజీ ఫైలు..." అని జగన్మోహన్ గుమ్మం దాకా వచ్చాడు. ఎవరూ వెనక్కి తిరగలేదు.

భీమశంకర్ తన స్టేషన్ వ్యాగన్ తీశాడు. వెతకాల్సిన చోటు ఒకటే. చేతిలో డబ్బు లేని మనిషి. ఒంటి మీద కోటు లేదు. ఎవరూ ఏమీ అడక్కుండా వెచ్చగా కూర్చోనిచ్చేది రైల్వే వెయిటింగ్ రూం.

మెట్రోపార్క్ స్టేషన్‌లో హీటర్ పక్క బెంచీ మీద ఉన్నాడు వీరసామి. పొట్టి మనిషి. నెరిసిన మీసం. చేతులు చంకల్లో పెట్టుకుని ఉన్నాడు.

ప్రధానినీ గ్రాంట్‌నీ కార్లో ఉండమని భీమశంకర్ ఒక్కడే వెళ్ళాడు. కోటు ఇచ్చాడు. వీరసామి తొడుక్కున్నాడు.

"మా వాళ్ళు భయపడ్డారా?"

"చాలా భయపడ్డారు."

"సోమవారం ఓటు కదా. నాకు తెలుసు. వస్తాను. చెరకు కోసేవాళ్ళు నన్ను పంపింది ఈ ఊరివాళ్ళ మీద అలగడానికి కాదు."

క్యాబినెట్ నిలబడింది. కేసు అయిపోయింది.

వీరసామి లేవలేదు.

"మా అవ్వని అడిగేవాణ్ణి. మన పెద్దవాళ్ళు అంత దూరం ఓడెక్కి ఎందుకొచ్చారు అని. చెప్పేది కాదు. చెరకు వైపు చూసేది. అన్నం లేక వచ్చారనుకున్నాను." ఆయన మొహం తుడుచుకున్నాడు. "మీ ఇల్లు ఎక్కడ?"

"దగ్గరే సార్. రెండు వీధులు."

"టైముంది కదా. మీ ఇంటికి వెళ్దాం. కాసిని మంచినీళ్ళు తాగాలి. నోరెండిపోయింది."

ఇంట్లో భార్య నాగమణి ఉంది. తలుపు తీస్తుంది. ఎవరండీ అంటుంది. తెలుగువారే అనగానే సంబరపడుతుంది. ఏ ఊరండీ, మీ పెద్దలు ఏం చేసేవారండీ అంటుంది. ఆయన చెప్తాడు. మంచినీళ్ళు ఇస్తుంది. ఆయన తాగుతాడు. తర్వాత ఆ గ్లాసు.

ఇదంతా ఒక్క క్షణంలో అతని తలలో తిరిగింది.

"రండి సార్, తప్పకుండా," అన్నాడు.

కానీ ఆ క్షణం అయిపోయింది. వీరసామి అతని మొహమే చూస్తున్నాడు. ఎవరు ఓటేస్తారో ఎవరు వేయరో ఇంటింటికీ తిరిగి మొహాలు చూసి చెప్పే మనిషి ఆయన.

"వద్దులెండి."

"లేదు సార్. ప్లీజ్. రండి."

"వద్దు. ఎయిర్‌పోర్ట్‌లో తాగుతాను," అన్నాడు వీరసామి. మెల్లగా, అతనికి నొప్పి కలగకుండా అన్నాడు. భీమశంకర్‌కి ఆ మెత్తదనం తట్టుకోవడమే కష్టమైంది.

గ్రాంట్ కార్లో ఆగలేక లోపలికి వచ్చేశాడు. వీరసామిని చూశాడు. గోడ పక్క మెషీన్లో నాణేలు వేసి, అది కదలకపోతే ఒక తన్ను తన్ని, కోక్ డబ్బా తెచ్చాడు.

"పద మ్యాన్. మా చెల్లెలు నిన్ను అడిగింది."

ముగ్గురూ వెనక సీట్లో ఇరుక్కుని కూర్చున్నారు. భీమశంకర్ డ్రైవ్ చేశాడు. ముందు సీటు ఖాళీగా ఉంది.

అద్దంలో కనబడుతోంది. వీరసామి సగం తాగి డబ్బా ప్రధానికి ఇచ్చాడు. ప్రధాని ఒక గుక్క తాగి గ్రాంట్‌కి ఇచ్చాడు.

"శాఖ ఎలాగూ ఇవ్వవు," అన్నాడు గ్రాంట్, డబ్బా ఊపి చూసి. "ఇందులో అయినా కాస్త ఎక్కువ మిగల్చకూడదూ?"

"సోమవారం ముందు నువ్వు చెయ్యెత్తు. తర్వాత చూద్దాం."

నవ్వుకున్నారు. డబ్బా మళ్ళీ వీరసామి దగ్గరికి వచ్చింది. మళ్ళీ ప్రధాని దగ్గరికి వెళ్ళింది.

ముందుకి మాత్రం రాలేదు. వాళ్ళు మర్యాద తెలిసినవాళ్ళు. అతన్ని ఇబ్బంది పెట్టదలచుకోలేదు.